మెరిసే బాక్స్‌లాకా, మాసిన హ్యామర్ గన్నా? పాత ఇంగ్లీష్ షాట్‌గన్ కొనబోతున్నా, సలహా కావాలి

వుల్వర్‌హాంప్టన్_వాసు
వచ్చే వారం ఇక్కడికి దగ్గర్లో ఒక వేలం ఉంది, అందులో రెండు తుపాకుల మీద కన్ను పడింది. రెండూ 12 బోర్ (గొట్టం లోపలి కొలత), రెండూ బర్మింగ్‌హామ్‌లో చేసినవే. ఒకటి హ్యామర్ గన్, అంటే సుత్తులు బయటికి కనబడేది, డమాస్కస్ బ్యారెళ్ళు (ఇనుమూ స్టీలూ మెలిపెట్టి చేసిన గొట్టాలు), 30 అంగుళాలు, రంగు వెలిసిపోయి గోధుమకీ బూడిదకీ మధ్యలో ఉంది, స్టాక్ (భుజానికి ఆనించే కట్టె) ఏళ్ళ తరబడి నూనె తాగి నల్లబడింది. రెండోది బాక్స్‌లాక్, అంటే పేల్చే మర లోపలే దాగి ఉండేది, స్టీల్ బ్యారెళ్ళు, నిగనిగలాడుతోంది, కేటలాగ్‌లో 'ఇటీవలే బాగుచేయించినది' అని రాశారు. రెండింటికీ అంచనా ధర 200 నుంచి 300 పౌండ్లే. షాట్‌గన్ సర్టిఫికెట్ ఉంది, ఆదివారాలు క్లేలు (గాల్లోకి విసిరే బిళ్ళలు) కొడుతుంటాను, కాబట్టి గోడకి తగిలించడానికి కాదు, వాడుకోవడానికే. మా ఆవిడ రెండోదానికే ఓటేసింది, కనీసం చూడ్డానికైనా బాగుందంట. బ్యారెల్ గోడ మందం ఎంత అని ఫోన్ చేసి అడిగితే 'వచ్చి చూసుకోండి' అన్నారు. చూస్తే కనబడేదైతే ఫోన్ ఎందుకు చేస్తాను చెప్పండి?

కాకినాడ_కాజా
ఇంటావిడ ఓటేశాక ఇంకా మా సలహా దేనికి బ్రో

డల్లాస్_దొర
డమాస్కస్ జోలికి పోకు. ఇక్కడ అమెరికాలో తూటాల డబ్బాల మీదే ఏళ్ళ తరబడి రాశారు, డమాస్కస్ బ్యారెళ్ళలో వాడొద్దని. మా ఇంట్లో ఒకటుంది, గోడ మీద అందంగా ఉంది, అక్కడే ఉంటుంది. ఇక్కడ 1898 దాకా చేసినవి ఫెడరల్ చట్టం ప్రకారం యాంటిక్ కింద లెక్క, కాగితాల గొడవ లేదు కాబట్టి కొన్నాను. పేల్చడం మాత్రం కల్లో మాట.

గన్‌క్వార్టర్_గిరి
దొరగారూ, ఆ డబ్బా మీద రాత తూటాల కంపెనీ తన జాగ్రత్త కోసం రాసుకుంది. మీ దేశంలో తప్పనిసరి ప్రూఫ్ పరీక్ష లేదు, ఎవరి బ్యారెల్ ఎలా ఉందో వాళ్ళకెలా తెలుస్తుంది? ఇక్కడ సంగతి వేరు. లండన్‌లో ఒకటి, బర్మింగ్‌హామ్ బాన్బరీ స్ట్రీట్‌లో ఒకటి ప్రూఫ్ హౌస్‌లు ఉన్నాయి, బర్మింగ్‌హామ్‌ది 1813 నుంచి ఉంది. మామూలు తూటా కంటే బాగా ఎక్కువ ఒత్తిడిచ్చే తూటా పేల్చి, తట్టుకుంటేనే ముద్ర వేస్తారు. నైట్రో ప్రూఫ్, అంటే ఇప్పటి పొగలేని మందుకి పెట్టే పరీక్ష, పాసైన డమాస్కస్ బ్యారెల్‌తో ఈ దేశంలో ఇవాళ్టికీ ఫెజంట్ పక్షుల్ని కొడుతున్నారు.

వాసూ, నువ్వు అడగాల్సింది డమాస్కసా స్టీలా అని కాదు. బ్యారెళ్ళు ఏ స్థితిలో ఉన్నాయి అని. స్టాక్ మార్చొచ్చు, లాకులు (పేల్చే మరలు) బాగుచేయొచ్చు, స్ప్రింగులు కొత్తవి చేయించొచ్చు. బ్యారెళ్ళు పోతే తుపాకీ పోయినట్టే, దాని మీద ఏ పేరు చెక్కి ఉన్నా సరే.

వెళ్ళినప్పుడు ఇవి చూడు. బ్యారెళ్ళు విప్పి వెనక వైపు చదునుగా ఉండే చోట, ఫ్లాట్స్ మీద ముద్రలు ఫోటో తియ్. బోర్ ఎంతో కొలవమను, బ్రీచ్, అంటే వెనక కొస, నుంచి 9 అంగుళాల దగ్గర కొలుస్తారు. ముద్ర .729 అంగుళాలని ఉండి గేజ్ .740 చూపిస్తే ప్రూఫ్ పోయినట్టే, 1868 ప్రూఫ్ చట్టం ప్రకారం అలాంటిది అమ్మడం నేరం. గోడ మందం మీద చట్టం ఏమీ చెప్పదు, మా పనివాళ్ళు మాత్రం పలచని చోట అంగుళంలో వెయ్యింట 20 వంతులకి తగ్గితే పెదవి విరుస్తారు. తరవాత బ్యారెళ్ళని కింద ఉండే కొక్కెం, అదే హుక్, దగ్గర వేలితో వేలాడదీసి గోటితో కొట్టు. ఊళ్ళో కుండ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, అలాగే. ఖంగుమని మోగితే రిబ్బులు, అంటే రెండు బ్యారెళ్ళనీ కలిపే పట్టీలు, గట్టిగా ఉన్నట్టు. మొద్దుగా మూగగా వస్తే ఎక్కడో అతుకు ఊడింది.

లెస్టర్_లక్ష్మి
నిగనిగలాడుతున్నదాని మీదే నాకు అనుమానం ఎక్కువ. ఆ నలుపు ఎలా వచ్చింది?

గన్‌క్వార్టర్_గిరి
లక్ష్మిగారు పట్టేశారు. పాత ఇంగ్లీష్ జోడు బ్యారెళ్ళ మధ్య రిబ్బులు మెత్తటి తగరపు టంకంతో అతికించి ఉంటాయి. ఈ మధ్య చౌకగా నలుపెక్కించేవాళ్ళు మొత్తాన్ని మరిగే కాస్టిక్ ఉప్పు తొట్టిలో ముంచేస్తారు. గంటలో పని అయిపోతుంది. ఆ ఉప్పు టంకాన్ని తినేస్తుంది, పైగా రిబ్బు కిందికి దూరి అక్కడే ఉండిపోయి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది. బయట అద్దంలా ఉంటుంది, మూడు నాలుగేళ్ళకి రిబ్బు లేస్తుంది.

సరైన పద్ధతి తుప్పుతోనే. బ్యారెల్‌కి నూనె మరక లేకుండా శుభ్రం చేసి, తుప్పెక్కించే ద్రావణం పలచగా పూసి, చెమ్మ ఉన్న అలమరలో పెడతారు. సన్నగా ఎర్ర తుప్పు వస్తుంది. దాన్ని నీళ్ళలో మరిగిస్తే నల్లగా మారుతుంది, మెత్తటి వైరు బ్రష్‌తో పైపై పొడి దులిపి మళ్ళీ పూస్తారు. రంగు లోతు వచ్చేదాకా ఇదే పని, రోజులు పడుతుంది. డమాస్కస్ అయితే సాధారణంగా మరిగించకుండా గోధుమ రంగులోనే ఉంచుతారు. ఇనుమూ స్టీలూ కలిపి మెలిపెట్టిన పట్టీలు కాబట్టి ఒకటి ముదురుగా, ఇంకోటి లేతగా తేలి ఆ మెలికల నమూనా బయటికొస్తుంది. ఆ పని చేసేటప్పుడు పక్కన నిలబడి చూస్తుంటే అన్నం మానేయాలనిపిస్తుంది.

పాతసామాను
అసలు రంగు ఎందుకెక్కించాలి? నూట నలభై ఏళ్ళు పడి వచ్చిన మాసిన రంగు అది. దాన్ని గీకేసి కొత్త రంగు వేస్తే అది కొత్త తుపాకీ వేషం వేసుకున్న పాతది. అమెరికాలో కలెక్టర్లు ఒరిజినల్ కేస్ కలర్ (లోహాన్ని గట్టిపరిచినప్పుడు తేలే రంగులు) పదో వంతు మిగిలినా దానికి అదనంగా డబ్బు పెడతారు, మళ్ళీ రంగేసిందంటే సగం ధర కోసేస్తారు. వాసూ, హ్యామర్ గన్ కొని తుప్పు ఆపి అలాగే ఉంచు.

గన్‌క్వార్టర్_గిరి
అది అమెరికా పద్ధతి మాస్టారూ. ఇంగ్లండ్‌లో మొదట్నుంచీ ఈ తుపాకులు పనిముట్లు. సీజన్ అయిపోగానే తయారుచేసినవాడి దగ్గరికే పంపి విప్పించి శుభ్రం చేయించేవాళ్ళు, అవసరమైతే నలుపు మళ్ళీ ఎక్కించేవాళ్ళు. లండన్‌లో పేరుమోసిన పర్డీ ఇంటి తుపాకీకైనా అంతే. మీరు 'ఒరిజినల్' అంటున్నది ఇప్పటికే రెండు మూడుసార్లు రంగు మార్చుకుని ఉంటుంది. యాక్షన్, అంటే పేల్చే మర ఉండే లోహపు భాగం, దాని మీది కేస్ హార్డెనింగ్ రంగుల విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను, అది మళ్ళీ చేయిస్తే వేడికి యాక్షన్ వంకర తిరిగే ప్రమాదముంది, జోలికి పోకూడదు.

పాతసామాను
సగం ఒప్పుకున్నారు, సంతోషం. మిగతా సగానికి రేపు వస్తా

నల్లమందు
హ్యామర్ గన్ ఫ్లాట్స్ ఫోటో కేటలాగ్‌లో ఉందా? ఉంటే ఏమేం రాసుందో టైపు చెయ్యి.

వుల్వర్‌హాంప్టన్_వాసు
మసగ్గా ఉంది. కిరీటం కింద అడ్డంగా రెండు రాజదండాలు, వాటి మధ్య బీపీసీ, అలాంటిదే ఇంకోటి వీ అక్షరంతో, 'నాట్ ఫర్ బాల్' అని ఒక ముక్క. ఇంకేదో ఉంది, జూమ్ చేస్తే తెలియడం లేదు.

నల్లమందు
అయితే 1875కీ 1887కీ మధ్య చేసింది. చోక్ బోరింగ్ కొత్తగా వచ్చిన రోజులు, మూతి దగ్గర బ్యారెల్ ఇరుకు చేసేవాళ్ళు, అందులో ఒంటి గుండు పెడితే ఇరుక్కుంటుందని ఆ హెచ్చరిక కొట్టేవాళ్ళు. 1887 తరవాత దాన్ని తీసేసి 'చోక్' అని కొట్టడం మొదలుపెట్టారు. అంటే మొదటి ప్రూఫ్ నల్ల మందుకే. తరవాత ఎవరైనా నైట్రో ప్రూఫ్ చేయించారా లేదా అన్నది ఆ కనబడని ముద్రలో ఉంది. కిరీటం కింద బీఎన్‌పీ అని ఉంటే 1954 తరవాత బర్మింగ్‌హామ్‌లో నైట్రో పాసైనట్టు.

డల్లాస్_దొర
సరే ముద్ర ఉందనుకుందాం. తూటా సంగతేంటి? నా గోడ మీదదానిలో మా దగ్గర దొరికే మామూలు తూటా చక్కగా దూరింది.

నల్లమందు
దొరగారూ అదే కొంప ముంచేది! దూరడం వేరు, సరిపోవడం వేరు. పాత ఇంగ్లీష్ 12 బోర్‌లో తూటా పెట్టే ఛాంబర్లు ఎక్కువ శాతం రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. మీ దగ్గర అమ్మేవి రెండుంపావు మీద అర, అంటే 2¾ అంగుళాలవి. తూటా మీద రాసే పొడవు పేలి మడత విప్పుకున్నాక ఉండే పొడవు. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి పొట్టిగా ఉండి చిన్న ఛాంబర్లోకి హాయిగా దూరుతుంది. పేలినప్పుడు ఆ మడత విప్పుకోవడానికి చోటు లేక ఛాంబర్ దాటి ఇరుకైన కోన్‌లోకి వెళ్ళి తెరుచుకుంటుంది, రవ్వలు వెళ్ళే దారి ఇరుకై ఒత్తిడి ఎగబాకుతుంది. డమాస్కస్ పేలిపోయిందని చెప్పుకునే కథల్లో కొన్నింటికి కారణం ఇదీ, మూతిలో మట్టో గుడ్డో ఇరుక్కోవడమూ. పేరు మాత్రం పాపం డమాస్కస్‌కి.

కాకినాడ_కాజా
'రెండుంపావు మీద అర' అట, మా లెక్కల మేష్టారు చదివితే బెంచీ ఎక్కించేవారు. రెండుంముప్పావు అనొచ్చుగా

నల్లమందు
రెండుంముప్పావే. రాత్రి రెండింటికి టైపు చేస్తే అంతే

తాతగారి_తుపాకీ
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మాది తూర్పు గోదావరి. మా తాతగారు మునసబు, ఆయన పేరు మీద ఒక జోడు గొట్టాల తుపాకీ ఉండేది. తరవాత నాన్నగారి పేరుకి లైసెన్స్ మారింది. రిబ్బు మీద మద్రాస్ మౌంట్ రోడ్ దుకాణం పేరు, పి. ఓర్ అండ్ సన్స్ అని చెక్కి ఉంది. ఇంట్లో అందరూ మద్రాసులో చేసిందంటారు. నిజమేనా? ఎలక్షన్ వచ్చినప్పుడల్లా స్టేషన్‌లో డిపాజిట్ చేయడం, తిరిగొచ్చేసరికి ఇంకో పొర తుప్పు. ఒకసారి మా పెదనాన్న తనిఖీకి వెళ్ళే ముందు బావుండదని కిటికీ ఊచలకి వేసిన నల్ల పెయింట్ మిగిలితే దానికీ వేసేశారు. దేవుడి దయ వల్ల స్టాక్‌కి వేయలేదు.

పాతసామాను
ఆహా పెదనాన్నగారు. ఆ పెయింట్ కింద ఒరిజినల్ రంగు పదిలంగా ఉండి ఉంటుంది, నవ్వకండి, నిజంగానే అంటున్నా

గన్‌క్వార్టర్_గిరి
పి. ఓర్ వాళ్ళు వాచీలూ నగలూ అమ్మిన పెద్ద దుకాణం, తుపాకులు కూడా అమ్మేవాళ్ళు. అప్పట్లో అలాంటి దుకాణాలు తమ పేరు చెక్కించి బర్మింగ్‌హామ్ నుంచి తెప్పించుకునేవి. బ్యారెళ్ళు విప్పి కింద చూడండి, బర్మింగ్‌హామ్ ప్రూఫ్ ముద్రలు ఉంటే అక్కడిదే. బ్యారెళ్ళ కింద హుక్ పక్కన చిన్న చిన్న ఇంగ్లీష్ పొడి అక్షరాలు ఉంటాయి, అవి నిజంగా చేసిన పనివాళ్ళవి. బర్మింగ్‌హామ్‌లో మా గన్ క్వార్టర్ వీధుల్లో ఒకడు బ్యారెల్, ఒకడు యాక్షన్, ఒకడు లాక్, ఒకడు స్టాక్, ఇలా పది చేతులు మారి ఒక తుపాకీ తయారయ్యేది, పేరు మాత్రం చివర్లో అమ్మినవాడిది.

పెయింట్‌ని గరుకు కాగితంతో గీకకండి. పెయింట్ రిమూవర్ పూసి మెత్తటి గుడ్డతో తుడవండి, అది కూడా లైసెన్స్ ఉన్న ఆర్మరర్ (తుపాకులు బాగుచేసేవాడు) చేత చేయిస్తే మంచిది.

తాతగారి_తుపాకీ
విప్పితే లోపల లాకుల్లో కొబ్బరి నూనె గట్టిపడి మైనంలా ఉంది. తాతగారు ప్రతి దీపావళికీ కొబ్బరి నూనె రాసేవారట.

లెస్టర్_లక్ష్మి
కొబ్బరి నూనె రాసిన తుపాకీ 😂 తలంటు కూడా పోశారేమో

నల్లమందు
తాతగారి గారూ, ఇంట్లో ఎన్ని ఉన్నాయో చూసుకోండి. ఆయుధాల చట్టానికి 2019 సవరణ తరవాత ఒక మనిషికి రెండే, మునుపు మూడు ఉండేవి. వారసత్వంగా వచ్చినదైనా ఆ లెక్కలోకే వస్తుంది. 'పాతది కదా, పురావస్తువు' అని ఇంట్లో పెట్టుకోవడం కుదరదు. భారత చట్టంలో మినహాయింపు పాత నమూనావో, పాడైనవో, మరమ్మతు చేసినా చేయకపోయినా పేల్చడానికి వీలుకాని వాటికే. మీది పేలుతుంది.

తాతగారి_తుపాకీ
ఒకటే అండి. అడవి పందులు చేలో పడితే గాల్లోకి ఒకటి పేల్చడానికి కూడా నాన్నగారు ఇప్పుడు భయపడుతున్నారు.

రాళ్ళపల్లి_రైతు
పందులకి మీ ఇంగ్లీష్ తుపాకీ మీద గౌరవం లేదులెండి, టపాసులు పేల్చినా మర్నాడు మళ్ళీ వస్తున్నాయి

వుల్వర్‌హాంప్టన్_వాసు
ఇవాళ వెళ్ళి చూశాను. గిరి గారి మాట ప్రకారం రెండింటినీ వేలాడదీసి కొట్టాను, పక్కనున్న తెల్ల పెద్దాయన నవ్వి తన గేజ్ కూడా ఇచ్చాడు.

బాక్స్‌లాక్: ఒక వైపు మోగింది, రిబ్బు మధ్యలో కొట్టగానే చచ్చిన శబ్దం. ముద్ర .729, కుడి బ్యారెల్ గేజ్ .743. స్క్రూల తలలు చిదిమేసి ఉన్నాయి, చెక్కుడు అక్షరాల అంచులు అరిగి సబ్బు బిళ్ళ మీద పేరులా అయ్యాయి. అక్కడి కుర్రాడికి చెప్తే లోపలికి వెళ్ళి ఎవరినో తీసుకొచ్చాడు, వాళ్ళు కొలిచి చీటీ తీసేసి అమ్మకం నుంచి పక్కన పెట్టారు.

హ్యామర్ గన్: రెండు బ్యారెళ్ళూ మోగాయి. కనబడని ముద్ర బీఎన్‌పీనే, పక్కన 2½ అంగుళాలు, '3 టన్స్' అని ఒత్తిడి లెక్క. గేజ్ .733. పలచని చోట వెయ్యింట 26. కానీ ఫోరెండ్ (బ్యారెళ్ళ కింది ముందు కట్టె) తీసి ఊపితే టక్కుమంటోంది.

గన్‌క్వార్టర్_గిరి
ఆ టక్కు అంటే ఆఫ్ ఫేస్. బ్యారెళ్ళు మూసినప్పుడు బ్రీచ్‌కి పూర్తిగా ఆనడం లేదు. సిగరెట్ కాగితం ముక్క మధ్యలో పెట్టి మూయి, పట్టుకోకుండా జారితే ఖాయం. పనివాడు హింజ్ పిన్ కొత్తది వేస్తాడు, లేదా హుక్‌కి లోహం నింపి ఆనేలా రాకుతాడు. ఏ పద్ధతి అని ముందే అడుగు. కొంతమంది హుక్‌ని సుత్తితో కొట్టి ఉబ్బించి బిగుతుగా ఉందనిపిస్తారు, పాతిక తూటాలకి మళ్ళీ మొదటికొస్తుంది. ముద్ర చూస్తే 1954కీ 1989కీ మధ్య ఎవరో డబ్బు పెట్టి నైట్రో చేయించారు, అంటే దాన్ని ఎవరో ఇష్టపడి వాడారు. నేనైతే కొంటాను.

లెస్టర్_లక్ష్మి
భుజానికి పెట్టి చూశారా? నాది ఎడమ చెయ్యి, పాత తుపాకులు చాలావరకు కుడిచేతివాళ్ళకి కొంచెం బయటికి వంచి ఉంటాయి. నేను కొన్నదాన్ని పనివాడు వేడి నూనె పోసి వాల్‌నట్ మెత్తబడ్డాక నా వైపుకి వంచాడు. ఎంత ముద్దొచ్చే తుపాకీ అయినా కన్ను రిబ్బు మీదకి రాకపోతే క్లేలు పక్కనుంచి వెళ్ళిపోతాయి.

డల్లాస్_దొర
బిస్మత్ లోహపు రవ్వల రేటు చూసి మాట్లాడండి. ఇంగ్లండ్‌లో సీసపు రవ్వల మీద నిషేధం 2025లో ప్రకటించారు కదా. ఈ పాత బ్యారెళ్ళలో స్టీల్ రవ్వలు వేయలేరు, గట్టివి, పలచని గోడనీ చోక్‌నీ పాడుచేస్తాయి. ఇక మిగిలింది బిస్మత్. తుపాకీ 250, తూటాలకి ఇల్లు తాకట్టు.

నల్లమందు
అందుకే కదా 250కి వస్తున్నాయి! ఇవే హ్యామర్ గన్‌లు కొనేవాడు లేక పడున్నాయి. ఏడాదికి నాలుగు పెట్టెలు కొట్టేవాడికి బిస్మత్ ఏమీ కాదు, వారానికి నాలుగు పెట్టెలైతే ఇటాలియన్ ఓవర్ అండర్ (గొట్టాలు ఒకదాని మీద ఒకటి ఉండేది) కొనుక్కోమనండి.

పాతసామాను
ఇదొక్కటి ఒప్పుకోను. పాత బ్యారెల్‌తో పాత దారిలోనే పోవాలి, నల్ల మందు తూటా నింపి పేల్చండి, ఆ తెల్ల పొగా గంధకం వాసనా లేకుండా హ్యామర్ గన్ ఎందుకు? రాత్రికి వేడి నీళ్ళు పోసి కడగాల్సి వస్తుందనుకోండి

కాకినాడ_కాజా
దీపావళి ఇంటికొచ్చినట్టు ఉంటుంది, కొబ్బరి నూనె కూడా రెడీ

వుల్వర్‌హాంప్టన్_వాసు
కొట్టేశాను! 230కి సుత్తి పడింది, పైన వేలంవాళ్ళ ప్రీమియం, దాని మీద వ్యాట్ కలిపి 290 దాటింది. ఆన్‌లైన్‌లో ఎవడో చివరిదాకా పెంచుకుంటూ పోయాడు.

పాతసామాను
నేను కాదు

నల్లమందు
అంత తొందరగా ఎవరడిగారండీ మిమ్మల్ని

వుల్వర్‌హాంప్టన్_వాసు
పాతసామాను గారూ నిజం చెప్పండి 😄 సరే, ఏడు రోజుల్లో పోలీసులకి తెలియజేయాలి కదా, ఆ పని అయిపోయింది. ఇప్పుడు స్టాక్. తల దగ్గర, యాక్షన్ ఆనే చోట కట్టె నల్లగా మెత్తగా ఉంది, గోరు గుచ్చితే దిగుతోంది. లాకులు విప్పి నేనే చూద్దామనుకుంటున్నా.

గన్‌క్వార్టర్_గిరి
ఆగు! మామూలు స్క్రూడ్రైవర్ పెట్టకు. ఈ తుపాకీ స్క్రూల గాళ్ళు వెంట్రుక మందాన ఉంటాయి, అన్నీ తుపాకీ పొడుగు వైపుకి సమానంగా చూస్తుంటాయి. ఒక్కసారి జారిందంటే తల చిదిమిపోతుంది, ఆ బాక్స్‌లాక్‌లో చూశావుగా. గాడికి సరిగ్గా సరిపోయేలా సానపట్టిన టర్న్‌స్క్రూ కావాలి. ఏ స్క్రూ ఏ రంధ్రానిదో అట్ట ముక్క మీద గుచ్చి పెట్టుకో, ఒకదాని చోట ఇంకోటి పట్టదు.

కట్టె తలకి పట్టిన నూనె తీయాలంటే సుద్ద పొడి, ఇక్కడ వైటింగ్ అని అమ్ముతారు, సాల్వెంట్‌లో ముద్దలా కలిపి మందంగా పట్టించు. ఆరేకొద్దీ నూనె లాగేసి పసుపెక్కుతుంది, దులిపి మళ్ళీ పట్టించు. తెల్లగా మిగిలేదాకా. ఆ తరవాతే లిన్సీడ్ నూనె, అల్కనెట్ వేరు వేసి ఎర్రబడినది, అరచేత్తో రోజుకి రెండు చుక్కలు రుద్దడం. ఎక్కువ పూస్తే జిగురుగా ఆరి ధూళి పడుతుంది. తుపాకీని అలమరలో మూతి కిందికి పెట్టి నిలబెట్టు, నూనె కట్టెలోకి దిగకుండా ఉంటుంది. ఇప్పుడు నువ్వు తీస్తున్న నూనె అంతా ఎవరో మూతి పైకి పెట్టి దాచినదే.

లెస్టర్_లక్ష్మి
సాల్వెంట్ వంటింట్లో వాడకండి. మా ఆయన వాడారు, రెండు రోజులు అన్నం థిన్నర్ వాసన

తాతగారి_తుపాకీ
గిరి గారూ, బ్యారెళ్ళ కింద చూశాను. కిరీటం, రాజదండాలు, బీపీసీ ఒకటి, వీ ఒకటి, డైమండ్ ఆకారంలో 12, దాని కింద సీ అక్షరం. హుక్ పక్కన రెండు అక్షరాలు ఉన్నాయి, ఫోటో పెడుతున్నా.

నల్లమందు
ఆ రాజదండాల ముద్రతో పాటు డైమండ్‌లో 12 సీ అంటే 1887 తరవాత, 1904 లోపు అన్నమాట. నైట్రో ముద్ర ఎక్కడా లేదా? అయితే నాన్నగారిని ఇప్పుడొచ్చే తూటాలు అందులో పెట్టొద్దనండి, పందులున్నా సరే.

గన్‌క్వార్టర్_గిరి
ఫోటో మసగ్గా ఉంది, పగటి వెలుతురులో పక్కనుంచి తీసి మళ్ళీ పెట్టండి.